నర్సింగ్ సీటొచ్చింది, పైసలెట్ల?

కౌన్సెలింగ్ మొదలైందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పుల ప్రశ్నలు వెనక్కు పోయి, ఫీజుల ప్రశ్నలు ముందుకొస్తాయి. వరంగల్‌లో సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేరి, తర్వాత నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌గా రిటైరైన దాన్ని కాబట్టి, నర్సింగ్ అనగానే అందరికీ నేనే గుర్తొస్తున్నాను. సంతోషమే. ఈసారి మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. కాలేజీ మంచిదా కాదా అని అడిగే ముందు, సీటు ఏ కోటాలో వస్తోందో అడగండి, సర్కారు నిర్ణయించిన ఫీజుకు కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటానా, ఫీజు ఎక్కువుండే మేనేజ్‌మెంట్ కోటానా అని. నాలుగేళ్ల పైసల సంగతి అంతా అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. రెండెకరాల పత్తి, ఇంకొంత కౌలు. బీసీ-డి. మా అమ్మాయికి కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో హనుమకొండ వైపు ఒక ప్రైవేట్ కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ సీటు వచ్చింది. కాలేజీ వాళ్లు ముందు ఫీజు మొత్తం కట్టండి, గవర్నమెంటు పైసలు పడ్డాక వాపస్ ఇస్తాం అంటున్నారు. ఇంకొకాయన బెంగళూరులో సీటు ఇప్పిస్తా, స్కాలర్‌షిప్ కూడా నేనే చూసుకుంటా అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: అన్నా, కన్వీనర్ సీటు వదులుకోకండి. బెంగళూరు సంగతి తర్వాత చెబుతాను, ముందు మీ చేతికి వచ్చిన దాని విలువ తెలుసుకోండి.

మన రాష్ట్రంలో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ రెండు భాగాలుగా వస్తుంది. ఒకటి ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్, మనం ఆర్‌టీఎఫ్ అంటాం. రెండోది మెస్, పుస్తకాల ఖర్చుకు ఇచ్చే మెయింటెనెన్స్, అది ఎంటీఎఫ్. రెండింటికీ దరఖాస్తు తెలంగాణ ఈ-పాస్ పోర్టల్‌లోనే. బీసీలకు కుటుంబ వార్షిక ఆదాయం పల్లెలో అయితే లక్షన్నర, పట్నంలో అయితే 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు ఆ హద్దు రెండున్నర లక్షలు. క్లాసులకు హాజరు 75 శాతం ఉండాలి. అన్నిటికంటే పెద్ద షరతు ఏమిటంటే, సీటు కన్వీనర్ కోటాలో వచ్చి ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాలోనో, స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే ఎంత పేదవాళ్లయినా ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అందుకే ఆ అలాట్‌మెంట్ ఆర్డరును జాగ్రత్తగా దాచుకోండి, నాలుగైదు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు కాగితాలు. కొత్తగా తీసిన ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, అమ్మాయి పేరు మీద బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు, అలాట్‌మెంట్ ఆర్డరు. ఆదాయం కాగితం మీసేవలో పెడితే తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి. అడ్మిషన్ల సమయంలో అక్కడ రద్దీ ఎట్లుంటుందో మీకు తెలుసు కాబట్టి ఈ వారమే పెట్టండి.

పేర్ల దగ్గర మాత్రం కళ్లు పెట్టి చూడండి. ట్యూటర్‌గా ఉన్నన్నాళ్లు పిల్లల దరఖాస్తులు ఆగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. పదో తరగతి మెమోలో ఇంటి పేరు ఒక్క పొడి అక్షరం ఉంటుంది, ఆధార్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉంటుంది. లేదంటే మెమోలో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఒకమ్మాయి పేరు చివర మెమోలో ఒక అక్షరం ఎక్కువ పడింది, అంతే. ఆ ఒక్క అక్షరానికి ఆ పిల్ల ఫైలు నెలల తరబడి కదలలేదు. మెమోను మార్చడం పెద్ద పని, ఆధార్‌ను మెమోకు తగ్గట్టు సరిచేయించడం తేలిక. అలాగే పాస్‌బుక్ ఉంటే చాలదు, ఆ ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉండాలి. బ్యాంకుకు పోయి, ఆధార్ మీద వచ్చే సర్కారు పైసలు ఏ ఖాతాలో పడతాయో అడిగి తెలుసుకోండి. అమ్మాయి చిన్నప్పుడు బడిలో తెరిచిన పాత ఖాతాకు లింకు ఉండిపోయి, ఎంటీఎఫ్ పైసలు అందులో పడి, ఇంట్లో ఎవరికీ తెలియని కేసులు కూడా ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో నింపిన తర్వాత పని అయిపోయిందని అనుకోవద్దు. వేలిముద్ర వేయాలి, కాగితాల సెట్టు కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ వాళ్లు తమ లాగిన్ నుంచి పైకి పంపాలి. ఈ చివరి మెట్టు దగ్గరే చాలా ఆగుతాయి. అప్లికేషన్ నంబరుతో స్టేటస్ మీరే చూసుకోవచ్చు. ప్రతి ఏడూ రెన్యువల్ కూడా చేయాలి, మొదటి ఏడు మంజూరైంది కదా అని ఊరుకుంటే రెండో ఏడు రాదు.

ఇక ముందు కట్టమన్న సంగతి. రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం నుంచి ఆలస్యంగా వస్తుందన్నది నిజం. బకాయిల కోసం ప్రైవేట్ కాలేజీలు బంద్‌లు చేయడం మీరూ పేపర్లో చూసే ఉంటారు. కాలేజీకి జీతాలు, కరెంటు బిల్లులు ఆగవు, వాళ్ల ఇబ్బంది వాళ్లకు ఉంది. కానీ ఆ భారం మొత్తం కౌలు రైతు నెత్తిన పెట్టడం ధర్మం కాదు. ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుని నాలుగు విషయాలు అడగండి. కట్టమన్న మొత్తంలో ట్యూషన్ ఫీజు ఎంత, మిగతావి ఎంత? వాయిదాలు ఇస్తారా? రీయింబర్స్‌మెంట్ పడితే ఎన్ని రోజుల్లో వాపస్ ఇస్తారు? ఆ మాట కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి ఇస్తారా? రాసిస్తామన్న కాలేజీతో మాట్లాడవచ్చు. నోటి మాట మీద మాత్రం మొత్తం కట్టవద్దు. ఎంత కట్టినా రసీదు తీసుకోండి. తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిచ్చింది కాదు, కాలేజీ రసీదు పుస్తకంలోది.

కాలేజీకి సర్కారు కట్టేది ట్యూషన్ ఫీజు వరకే. పైన చాలా ఉంటాయి. రెండు జతల యూనిఫాం, తెల్ల బూట్లు, రికార్డు పుస్తకాలు, క్లినికల్ పోస్టింగ్‌కు రానుపోను ఖర్చు, పరీక్ష ఫీజు. సెకన్ల ముల్లు ఉన్న వాచీ కూడా కావాలి, నాడి లెక్కపెట్టడం దానితోనే నేర్చుకుంటారు, ఫోన్ చూసి కాదు. ఒక్క జత యూనిఫాంతో నెట్టుకొచ్చే పిల్లలు రాత్రి ఉతికి, ఆరకపోతే తడిదే వేసుకుని పొద్దున ఏడింటికి వార్డుకు వచ్చేవాళ్లు. జ్వరాలు వచ్చేది వాళ్లకే. బట్టల దుకాణంలో తెల్ల గుడ్డ కొని మీ ఊరి టైలరు దగ్గర కుట్టిస్తే రెండో జత తక్కువలో అవుతుంది, కాలేజీని అడిగి కొలతలు, మోడల్ తెచ్చుకోండి.

ఉండటానికి ప్రైవేట్ హాస్టల్ కంటే ముందు హనుమకొండలోని బీసీ సంక్షేమ శాఖ కాలేజీ అమ్మాయిల హాస్టల్‌కు దరఖాస్తు చేయండి. 2024లో కాలేజీ పిల్లల డైట్ చార్జీలను నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు. ఆ పైసలు సర్కారే పెట్టుకుంటుంది, మీ జేబు నుంచి కాదు. సీట్లు త్వరగా నిండుతాయి.

బెంగళూరు ఏజెంటు గురించి. అక్కడ మంచి కాలేజీలు లేవని అనను, మన జిల్లాల పిల్లలు అక్కడ చదివి పైకొచ్చినవాళ్లు చాలా మంది ఉన్నారు. కానీ ఏజెంటు తెచ్చేది ఎక్కువగా మేనేజ్‌మెంట్ సీటే. స్కాలర్‌షిప్ నేను చూసుకుంటా అన్న మాటకు కాగితం అడగండి, ఉండదు. ఆ కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్, రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఉందో లేదో అడగండి, మాట మారుస్తాడు. ఇంకా పెద్ద ప్రమాదం ఒరిజినల్ సర్టిఫికెట్లు. చేరిన రోజే తీసుకుంటారు. మధ్యలో ఇబ్బంది వచ్చి బిడ్డను తెచ్చుకుందాం అంటే మిగిలిన ఏళ్ల ఫీజు కూడా కట్టమంటారు. ఇంటి దగ్గర కన్వీనర్ సీటు చేతిలో పెట్టుకుని ఆ దారి ఎందుకన్నా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాది ఏటూరునాగారం మండలం, ఎస్టీ. నాకు గవర్నమెంట్ స్కూల్ ఆఫ్ నర్సింగ్‌లో జీఎన్‌ఎం డిప్లొమా సీటు వచ్చేట్టు ఉంది. ప్రైవేట్ కాలేజీలో బీఎస్సీ కన్వీనర్ సీటు కూడా రావచ్చు. అందరూ బీఎస్సీనే పెద్దది అంటున్నారు. ఇంట్లో నాన్న లేడు, అమ్మ కూలికి పోతుంది. ఏది తీసుకోవాలి?

జవాబు: బిడ్డా, నీ పరిస్థితిలో నేనైతే సర్కారు జీఎన్‌ఎం వైపే మొగ్గుతాను. ఎందుకో చెబుతా విను.

సర్కారు నర్సింగ్ స్కూళ్లలో ఫీజు భారం ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. మా రోజుల్లో అది చేతి ఖర్చుకు కూడా చాలేది కాదు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం పెంచింది. మొదటి ఏడాదిలో నెలకు 1,500 ఉన్నది 5,000 అయింది, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 7,000. నెలనెలా ఒకటో తారీఖున జీతంలా పడుతుందని మాత్రం లెక్క వేసుకోకు. కొన్నిసార్లు నాలుగైదు నెలలది ఒకేసారి పడుతుంది. అందుకని మొదటి కొన్ని నెలలకు సరిపడా కాస్త పైసలు చేతిలో పెట్టుకుని రా. స్టైపెండ్ మొత్తం స్కాలర్‌షిప్ కంటే ఎక్కువైతే ఎంటీఎఫ్ విడిగా రాదన్నది కూడా తెలుసుకో.

మూడేళ్లలో జీఎన్‌ఎం అయిపోతుంది. తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయితే నర్సింగ్ ఆఫీసర్ కొలువులకు బీఎస్సీ వాళ్లతో పాటు నువ్వూ అర్హురాలివే. 2024 సెప్టెంబర్‌లో మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు జీఎన్‌ఎం చదివిన పిల్లలు కూడా పరీక్ష రాశారు. చదువు మీద కోరిక ఉంటే కొలువులో ఉండి కూడా పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చేసుకోవచ్చు. నా దగ్గర చదివిన వాళ్లలో అట్ల చేసి ఇప్పుడు హెడ్ నర్సులైన వాళ్లు ఉన్నారు.

బీఎస్సీ తక్కువని కాదు. విదేశాలకు పోవాలన్నా, టీచింగ్‌లోకి రావాలన్నా బీఎస్సీ మెరుగు. సర్కారు నర్సింగ్ కాలేజీలో బీఎస్సీ వస్తే కళ్లు మూసుకుని తీసుకో, అక్కడ కూడా స్టైపెండ్ ఉంటుంది. ఇప్పుడు జగిత్యాల, సిరిసిల్ల వంటి చోట్ల కూడా సర్కారు కాలేజీలు ఉన్నాయి, వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు దూరమని వాటిని వదిలేయకు. ప్రైవేట్ బీఎస్సీయా, సర్కారు జీఎన్‌ఎమ్మా అన్న చోటే నా జవాబు జీఎన్‌ఎం. పెద్ద దవాఖానలో రోజూ వందల మంది రోగులను చూస్తావు. ఆ చెయ్యి తిరగడం ప్రైవేట్ కాలేజీల్లో అందరికీ దొరకదు.

ప్రశ్న: నేను మెట్‌పల్లిలో బీడీలు చేస్తాను. పీఎఫ్ ఉంది, గుర్తింపు కార్డు ఉంది. పెద్ద బిడ్డ బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది, కన్వీనర్ సీటే. చిన్నది ఇంటర్. బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఉంటుందని విన్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్, అది రెండూ వస్తాయా?

జవాబు: చెల్లె, ఉంటుంది. కేంద్ర కార్మిక శాఖది. కార్డు ఉండి, కనీసం ఆరు నెలల సర్వీసు ఉండి, ఇంటి ఆదాయం నెలకు 10,000 దాటని బీడీ కార్మికుల పిల్లలకు ఇస్తారు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. ఇంటర్‌కు ఏడాదికి 3,000, పై చదువులకు కోర్సును బట్టి 6,000 నుంచి 25,000 వరకు ఉంటుంది.

ఒకే బిడ్డకు రెండు స్కాలర్‌షిప్పులు ఒప్పుకోరు. ఇంకో చోట నుంచి స్కాలర్‌షిప్పో, స్టైపెండో తీసుకుంటే ఇది ఇవ్వరు. అందుకని ఇట్ల చేయి. పెద్దదానికి ఈ-పాస్‌లోనే ఉంచు, నాలుగేళ్ల ట్యూషన్ ఫీజు అంటే ఆ విలువే ఎక్కువ. చిన్నదానికి బీడీ కార్మికుల స్కాలర్‌షిప్ పెట్టించు. చిన్నదానికి కాలేజీలో ఈ-పాస్ కూడా నింపి ఉంటే అక్కడ ఒక్కటే ఉంచుకోవాలి, ఏది ఎక్కువో చూసుకుని తేల్చుకో. దరఖాస్తులో తల్లి వృత్తి, అంటే నీ వృత్తి, బీడీ కార్మికురాలు అని రాయాలి, ఇంటి పని అని రాస్తే పోయినట్టే. మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్, నిజామాబాద్ వైపు వేల ఇళ్లలో ఆడవాళ్లు చాటలు ముందేసుకుని కూర్చుంటేనే పిల్లల చదువులు నడుస్తున్నాయి. ఈ స్కాలర్‌షిప్ సంగతి మీ గల్లీలో మిగతా వాళ్లకు కూడా చెప్పు.

ప్రశ్న: మా అక్క కూతురు జమ్మికుంట నుంచి వచ్చి కరీంనగర్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. మొదటి ఏడు ఫీజుకు బావ మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. ఈసారి బ్యాంకుకు పోతే మేనేజరు జాగా కాగితాలు పెట్టాలన్నాడు, తర్వాత నర్సింగ్‌కు లోన్ ఇవ్వమన్నాడు. నిజంగా ఇవ్వరా?

జవాబు: ఇవ్వమని నోటితో చెప్పడం తేలిక, కాగితం మీద రాసివ్వమంటే అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

బ్యాంకులన్నీ కలిసి పెట్టుకున్న మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీములో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న డిగ్రీ, డిప్లొమా నర్సింగ్ కోర్సులు స్పష్టంగా ఉన్నాయి. 4 లక్షల వరకు జాగా, బంగారం తాకట్టు అడగకూడదు, సొంత వాటా కూడా పెట్టనక్కర్లేదు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. ఏడున్నర లక్షల వరకు కేంద్రం క్రెడిట్ గ్యారంటీ ఉంది, అంటే అప్పు తీరకపోతే బ్యాంకుకు కేంద్రం పూచీ. చదువు అయిపోయాక ఇంకో ఏడాది వరకు కంతులు మొదలు కావు. తీర్చడానికి 15 ఏళ్ల దాకా గడువు ఇవ్వవచ్చు. మేనేజ్‌మెంట్ కోటా సీటు అంటే కొన్ని బ్యాంకులు వెనకాడతాయి, కొన్ని మార్కులు చూసి ఇస్తాయి. ఒక బ్యాంకు కాదంటే అన్నీ కాదన్నట్టు కాదు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒకే ఫారం నింపి మూడు బ్యాంకులకు పంపవచ్చు.

2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి గురించి టీవీలో విని ఉంటారు. అది ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ కాలేజీ ర్యాంకుల్లో పైన ఉన్న విద్యాసంస్థలకే, మొదట దాదాపు 860 ఉండేవి. మన జిల్లాల ప్రైవేట్ నర్సింగ్ కాలేజీలు మామూలుగా అందులోకి రావు. కాబట్టి ఆ ఆశ పెట్టుకోకుండా మామూలు ఎడ్యుకేషన్ లోన్‌కే పోండి.

లెక్క ఒకసారి చూద్దాం. మిగిలిన మూడేళ్లకు ఏడాదికి 50,000 చొప్పున లక్షన్నర తీసుకున్నారనుకోండి. మిత్తి ఏడాదికి 10 శాతం అనుకుందాం. మొదటి 50,000 మీద చదివే మూడేళ్లు, ఆగే ఏడాది కలిపి నాలుగేళ్లకు 20,000. రెండో ఏడు తీసుకున్న దాని మీద 15,000. మూడోది 10,000. అంటే కంతులు మొదలయ్యే నాటికి 45,000 మిత్తి కలిసి 1,95,000 అవుతుంది. చదివే రోజుల్లోనే మిత్తి వరకు నెలనెలా కట్టుకుంటూ పోతే అది అసలులో కలవదు, ఒక శాతం తగ్గించే బ్యాంకులు కూడా ఉన్నాయి. మొదటి ఏడాది అయితే ఆ మిత్తి నెలకు 400 చిల్లర, అంతే.

ఇప్పుడు అదే లక్షన్నర మూడు రూపాయలకు తెస్తే? నెలకు 4,500. ఏడాదికి 54,000. బ్యాంకులో నాలుగేళ్లకు పడే మిత్తి కంటే బయట ఒక్క ఏడాదికి పడేదే ఎక్కువ. మీ బావ మొదటి ఏడు తెచ్చిన అప్పు ఇప్పటికే ఎంతైందో ఇంట్లో అందరూ కూర్చుని కాగితం మీద రాయండి. ముందు అది తీర్చే దారి చూడాలి. అక్క మహిళా సంఘంలో ఉందా? ఉంటే సంఘం అప్పు తీసుకుని బయటి అప్పు కట్టేయమనండి. సంఘం మిత్తికీ బయటి మిత్తికీ పోలికే లేదు. పిల్ల చదువు కోసం తెచ్చిన అప్పే పిల్ల పెళ్లి నాటికి ఇంటిని మింగడం నేను చాలా ఇళ్లలో చూశాను. నర్సుగా ప్రైవేట్ దవాఖానలో మొదట ఇచ్చే జీతంలో పెద్ద ముక్క ఆ మిత్తికే పోతుంది. అది తలుచుకుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బ్యాంకులో ఏం చేయాలంటే, దరఖాస్తు ఇచ్చి అందినట్టు సంతకం, తారీఖు వేయించుకోండి. ఎడ్యుకేషన్ లోన్ తిరస్కరిస్తే కారణం చెప్పాలి, బ్రాంచి మేనేజరు ఒక్కడే కాదనకుండా పై అధికారి చూడాలన్నది స్కీములోనే ఉంది. నెల దాటినా ఏమీ తేల్చకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరును కలవండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగినా ఉలుకూ పలుకూ లేకపోతే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448కు ఫోన్ చేస్తే ఎట్ల పెట్టాలో చెబుతారు. బ్యాంకుకు పోయేటప్పుడు పిల్లను వెంట తీసుకుపోండి. మొదటి ఏడు మార్కుల మెమో, కాలేజీ బోనఫైడ్, మిగిలిన ఏళ్ల ఫీజు వివరం లెటర్‌హెడ్ మీద, కౌన్సిల్ గుర్తింపు కాపీ, ఇవన్నీ ఒక ఫైలులో పెట్టి ఆ పిల్ల చేతే మాట్లాడించండి.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ పాసయ్యాను. కన్వీనర్ సీటు. మా రీయింబర్స్‌మెంట్ రెండేళ్లది ఇంకా కాలేజీకి పడలేదట. ఆ పైసలు నేను కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, చేరడానికి సర్టిఫికెట్లు కావాలి. చాలా టెన్షన్‌గా ఉంది.
– నర్సంపేట నుంచి

జవాబు: నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది తల్లీ. ఇది నీ ఒక్కదాని బాధ కాదు. సర్కారు కట్టాల్సిన బాకీకి చదువుకున్న పిల్ల సర్టిఫికెట్లను పట్టుకుని కూర్చోవడం అన్యాయం, ఎవరు చేసినా అన్యాయమే.

మొదట ఈ-పాస్ స్టేటస్ ప్రింట్ తీసుకో. మంజూరైంది, విడుదల కాలేదు అని ఉంటే అది ప్రభుత్వం దగ్గర ఆగింది. అసలు మంజూరే కాకపోతే, నీ హాజరు దగ్గరో, రెన్యువల్ దగ్గరో, కాలేజీ పంపడం దగ్గరో ఆగినట్టు. అది వేరే సంగతి, వెంటనే జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసుకు పో. మంజూరై ఉంటే ఆ ప్రింట్ జతచేసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వు, ఉద్యోగం ఆఫర్ లెటర్ కాపీ కూడా పెట్టు. అందినట్టు ముద్ర వేయించుకో. అదే దరఖాస్తు కాపీ యూనివర్సిటీకి పంపు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇస్తే నీ అర్జీకి నంబరు పడుతుంది, సంబంధిత శాఖకు పోతుంది. నీతో పాటు అదే కాలేజీలో ఆగిపోయిన వాళ్లు ఇంకా ఉంటారు. అందరూ కలిసి పోండి. ఒక్కరి మాటకు, పది మంది మాటకు తేడా ఉంటుంది.

ఉద్యోగం ఇచ్చిన దవాఖాన హెచ్‌ఆర్‌తో దాచకుండా మాట్లాడు. సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉన్నాయని కాలేజీ నుంచి ఒక కస్టడీ లెటర్ తెచ్చిస్తే, జిరాక్సులతో చేర్చుకుని ఒరిజినల్స్‌కు గడువు ఇచ్చే దవాఖానలు ఉన్నాయి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం ఆపుకోకు, రిజిస్ట్రేషన్ లేకుండా వార్డులో నర్సుగా పని చేయకూడదు. పరిశీలన కోసమైనా ఒరిజినల్స్ ఒక రోజు చూపించమని కాలేజీని రాతపూర్వకంగా అడుగు.

పైసలు కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు మీద ‘రీయింబర్స్‌మెంట్ వచ్చాక వాపస్ ఇచ్చే షరతుపై’ అని రాయించుకో. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం మాత్రం చేయకు. ఎంత తొందర ఉన్నా చేయకు.

ప్రశ్న: మేము ఓసీలం, ఆదాయం ఏడాదికి 3 లక్షల దాకా చూపిస్తోంది. అందుకని ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. అమ్మాయి పదో తరగతి, ఇంటర్ రెండూ గవర్నమెంటులోనే చదివింది, ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి. వేరే దారి ఏదైనా ఉందా?
– మహబూబాబాద్ నుంచి ఒక తల్లి

జవాబు: రెండు దారులు ఉన్నాయమ్మా.

ఇంటర్ బోర్డులో పైవరుస 20 శాతంలో ఉన్న పిల్లలకు కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి, మీరు సరిపోతారు. డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000. సగం స్కాలర్‌షిప్పులు ఆడపిల్లలకే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. జీఎన్‌ఎం లాంటి డిప్లొమాకు ఇది రాదు, డిగ్రీకే.

రెండోది అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాళ్లది. పదో తరగతి, ఇంటర్ రెండూ ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ కాలేజీలో రెగ్యులర్‌గా చదివి, డిగ్రీలోనో డిప్లొమాలోనో మొదటి ఏడాది చేరిన ఆడపిల్లలకు కోర్సు అయ్యే దాకా ఏడాదికి 30,000 ఇస్తున్నారు. తెలంగాణ పిల్లలు కూడా పెట్టుకోవచ్చు. దరఖాస్తు ఉచితం. ఎవరైనా మధ్యలో ఉండి వెయ్యి, రెండు వేలు అడిగితే ఒక్క పైసా ఇవ్వకండి. మొదటి ఏడాదిలో తప్పిపోతే మళ్లీ రెండో ఏడులో కొత్తగా పెట్టుకునే వీలు ఉండదు. అందుకని కాలేజీలో చేరిన రోజే బోనఫైడ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, అమ్మాయి ఫోటో, ఆధార్, రెండు మెమోలు, సొంత బ్యాంకు పాస్‌బుక్ సిద్ధంగా పెట్టి, వాళ్ల సైటులో గడువు తేదీ చూసుకోండి.